ఛాయాచిత్ర దర్శనం

లలితకళలు ఐదని మన పెద్దలు చెప్పారు. కవిత్వం, సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, శిల్పం అనేవి ఆ ఐదు. ఈ లెక్క కట్టిన నాటికి ఛాయాచిత్రం పుట్టలేదు. ఇప్పుడది పుట్టి రెండు వందల ఏళ్లు కావస్తున్నది. నేడు ప్రతి చేతిలోనూ ఒక కెమెరా ఉన్నది. పెళ్లి పందిట్లో, కళాశాల మెట్ల మీద, గోదావరి రేవులో మనం తీసే ఫొటోలకు లెక్కలేదు. అయితే తీయడం పెరిగినంతగా చూడటం పెరగలేదు. తెర మీద వేలితో నెట్టివేసే బొమ్మకు మన చూపు ఒక్క క్షణమైనా దక్కడం లేదు. ఆ క్షణంలో బొమ్మలోని మనిషి ఎవరో తెలుస్తుంది. ఆ బొమ్మ ఏం చెబుతున్నదో తెలియదు. గోడ మీద చట్రంలో నిలిచిన ఛాయాచిత్రం ముందు ఎలా నిలబడాలి, దానిలో ఏమేమి చూడాలి, దానిని కళ అని ఎందుకు అంటారు అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

పేరులోని అర్థం

గ్రీకు భాషలోని మూలపదాల ప్రకారం ‘ఫొటోగ్రఫీ’ అంటే వెలుగుతో రాయడం. మనం దానిని ఛాయాచిత్రం అన్నాం. వారు వెలుగును పట్టుకుంటే మనం నీడను పట్టుకున్నట్లు కనిపిస్తుంది. కాని సంస్కృతంలో ‘ఛాయ’ అనే మాటకు నీడ, ప్రతిబింబం అనే అర్థాలతో పాటు కాంతి అనే అర్థం కూడా ఉన్నది. మేనిఛాయ అన్నప్పుడు మనం చెప్పేది నీడను గురించి కాదు కదా! పురాణకథలో సూర్యుని వేడిమిని ఓర్వలేని సంజ్ఞాదేవి అచ్చం తనలాగే ఉన్న ఛాయను ఇంట నిలిపి వెళ్లిపోయింది. రూపం అదే, మనిషి మాత్రం వేరు. ఛాయాచిత్రం స్వభావం కూడా ఇటువంటిదే. ఎదుట ఉన్నట్లే ఉంటుంది, ఎదుట ఉండదు.

ఫ్రాన్సు దేశంలో నీప్స్ అనే ఆయన 1826–27 ప్రాంతంలో తన ఇంటి కిటికీలోనుంచి కనిపించే దృశ్యాన్ని లోహఫలకం మీద నిలిపాడు. నేటికి మిగిలి ఉన్న కెమెరా చిత్రాలలో అదే అతి ప్రాచీనమైనది. ఆ ఫలకం చాలా గంటలపాటు వెలుగును పుచ్చుకోవలసి వచ్చింది. అంతసేపట్లో సూర్యుడు ఒక దిక్కునుంచి మరొక దిక్కుకు జరిగాడు. అందువల్ల ఆ చిత్రంలో ఇంటి గోడలకు రెండు వైపులా ఎండ పడినట్లు కనిపిస్తుంది. 1839లో డాగేర్ కనిపెట్టిన పద్ధతిని ఫ్రెంచి ప్రభుత్వం లోకానికి వెల్లడించింది. అదే కాలంలో ఇంగ్లండులో టాల్బట్ కాగితం మీద నెగెటివ్ తయారుచేసి, ఒక చిత్రానికి అనేక ప్రతులు తీసే మార్గం చూపాడు.

యంత్రం తీసినది కళ అవుతుందా?

ఈ ప్రశ్న తొలినాటినుంచీ ఉన్నది. 1859లో ఫ్రెంచి కవి బోదలేర్, ఛాయాచిత్రం శాస్త్రాలకూ కళలకూ సేవకురాలిగా ఉండాలే తప్ప కళల పీఠం ఎక్కరాదని వాదించాడు. మీట నొక్కితే వచ్చే బొమ్మలో మనిషి ప్రతిభ ఏమున్నదని ఆనాటి చాలామంది సందేహం.

దీనికి సమాధానం గోదావరి గట్టు మీదే దొరుకుతుంది. 1900లో పూర్తయి, 1997 వరకు రైళ్లను మోసిన పాత హేవలాక్ వంతెననే తీసుకోండి. దానికి 56 ఖానాలు ఉన్నాయి. రాజమహేంద్రవరం నదికి తూర్పు గట్టున, కొవ్వూరు పడమటి గట్టున ఉన్నాయి. తెల్లవారుతుండగా కొవ్వూరు వైపున నిలబడి చూస్తే సూర్యుడు వంతెన వెనుకనుంచి లేస్తాడు. స్తంభాలన్నీ నల్లని గీతల వలె, నీరు వెండిరేకు వలె కనిపిస్తాయి. అదే సమయంలో రాజమహేంద్రవరం గట్టుననుంచి చూస్తే ఎండ మన వీపు మీద పడుతుంది. స్తంభాల మీది రాళ్ల అతుకులు, ఇనుము మీది తుప్పు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. వంతెన ఒకటే, కెమెరా ఒకటే, సమయం కూడా ఒకటే. అయినా ఒక చిత్రం ప్రాతఃకాలపు ప్రశాంతిని చెబుతుంది, రెండవది వంతెన వయస్సును చెబుతుంది. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నిలబడాలి, చట్రంలోకి దేనిని రానివ్వాలి, దేనిని రానివ్వకూడదు అన్న నిర్ణయాలు యంత్రానివి కావు. కవి మాటలను సృష్టించడు, ఎన్నుకుంటాడు. ఛాయాగ్రాహకుడు కూడా దృశ్యాన్ని సృష్టించడు, ఎన్నుకుంటాడు. ఆ ఎన్నికలోనే కళ ఉన్నది.

వెలుగును ఎన్నుకోవడం ఎంతటి పనో గోదావరి తీరంవారికి తెలియనిది కాదు. నరసాపురంలో పుట్టిన బాపు 1975లో తీసిన ‘ముత్యాల ముగ్గు’ చలనచిత్రానికి ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణం చేశాడు. ఆయన సహజమైన వెలుగుకు పెద్దపీట వేశాడు. ఆ పనికి జాతీయ పురస్కారం లభించింది.

కాలక్రమంలో సందేహాలు సడలాయి. 1905లో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ న్యూయార్కు నగరంలో ఒక చిన్న చిత్రశాలను తెరచి, ఛాయాచిత్రాలను వర్ణచిత్రాలతో సమానంగా గోడ మీద నిలిపాడు. 1940లో అదే నగరంలోని ఆధునిక కళా ప్రదర్శనశాల ఛాయాచిత్రాల కోసం ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచింది.

మన నేల మీద ఛాయాచిత్రం

1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి ఆ శిల్పఫలకాలను ఛాయాచిత్రాలుగా తీశాడు. తెలుగు నేల మీది శిల్పాలు కెమెరా కంటికి చిక్కిన తొలి సందర్భాలలో అది ఒకటి. శాతవాహనుల కాలపు రాయి, పంతొమ్మిదవ శతాబ్దపు కాగితం ఆ చిత్రాలలో ఒకచోట కలిశాయి.

హైదరాబాదు పేరును ప్రపంచానికి చాటిన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించాడు. రూర్కీలో ఇంజనీరింగు విద్య అభ్యసించి, ఇందూరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించాడు. సికిందరాబాదులో ఆయన స్టూడియో వెలసింది. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా స్త్రీల స్టూడియోను నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. 1905లో ఆయన మరణించాడు. ఆయన గాజుపలకల నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

తరువాతి కాలంలో కోరుట్లలో పుట్టిన బండి రాజన్‌బాబు గిరిజన జీవితాన్ని నలుపు తెలుపులలో చిత్రించి, హైదరాబాదులో ఎందరో యువకులకు ఈ విద్య నేర్పాడు. ఓరుగల్లు ప్రాంతానికి చెందిన భరత్ భూషణ్ బతుకమ్మలను, పల్లెస్త్రీలను, పాతబడిన ఇళ్ల తలుపులను తన కెమెరాలో నిలిపాడు.

చిత్రశాలలో అడుగుపెట్టినప్పుడు

చిత్రాలను గోడ మీద చూసే అలవాటు లేనివారికి రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాల మంచి పాఠశాల. దామెర్ల రామారావు 1897లో ఈ ఊరిలోనే పుట్టాడు. ఇక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రధానాచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చదివాడు. 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. ఆయన వర్ణచిత్రాలు ఆ శాలలో ఉన్నాయి. అవి ఛాయాచిత్రాలు కావు. అయినా మౌనంగా నిలబడి ఒక చిత్రాన్ని చూడటం ఎలాగో అక్కడ అభ్యసించవచ్చు. ఆ అభ్యాసం ఛాయాచిత్ర ప్రదర్శనకు వెళ్లినప్పుడు పనికివస్తుంది.

చిత్రశాలలో వెలుతురు మందంగా ఉండటం చూసి కొందరు విసుక్కుంటారు. ఛాయాచిత్రం వెలుగువల్ల పుట్టింది, వెలుగువల్లనే నశిస్తుంది. ఎక్కువ వెలుతురులో పాత ప్రతులు వెలిసిపోతాయి. అందుకే ప్రదర్శనశాలలు దీపాల కాంతిని తగ్గించి ఉంచుతాయి, ఫ్లాష్ వాడవద్దంటాయి. రెండు నిమిషాలు ఓపిక పడితే మన కన్ను ఆ వెలుతురుకు అలవాటు పడుతుంది.

కొన్ని చిత్రాల కింద ‘పదింటిలో మూడవ ప్రతి’ వంటి వివరం ఉంటుంది. ఒక నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. అయినా కళాకారుడు తనకు తానే ఒక హద్దు పెట్టుకుంటాడు. ప్రతి ప్రతినీ తన పర్యవేక్షణలో తయారుచేసి, అంకె వేసి, సంతకం చేస్తాడు. చిత్రం పరిమాణం కూడా ఆయన నిర్ణయమే. అరచేతి తెర మీద అన్ని బొమ్మలూ ఒకే కొలతకు కుదించుకుపోతాయి. గోడ మీద మాత్రం ఒకటి నిలువెత్తున నిలిచి మనల్ని వెనక్కు జరగమంటుంది, మరొకటి పోస్టుకార్డంత ఉండి దగ్గరకు రమ్మంటుంది.

ఒక ప్రదర్శనలో వంద చిత్రాలున్నా అన్నిటినీ సమానంగా చూడనవసరం లేదు. మొదట శాలనంతా ఒకసారి చుట్టిరండి. మిమ్మల్ని నిలవేసిన మూడు చిత్రాలను గుర్తుంచుకొని వాటి దగ్గరకు తిరిగి వెళ్లండి. ముందు దూరంనుంచి చూడండి. వెలుగునీడల అమరిక తెలుస్తుంది. తరువాత దగ్గరకు వెళ్లండి. వివరాలు తెలుస్తాయి. మళ్లీ వెనక్కు రండి. అప్పుడు ఆ వివరాలన్నీ మొత్తంలో ఎలా ఇమిడాయో తెలుస్తుంది. పక్కనున్న పేరు, వివరణ చివర చదవండి. ముందే చదివితే కన్ను పని మానేసి, మాట చెప్పినదే చూస్తుంది.

షడంగాల వెలుగులో

వాత్స్యాయనుని గ్రంథానికి యశోధరుడు రచించిన ‘జయమంగళ’ వ్యాఖ్యలో చిత్రకళకు ఆరు అంగాలు పేర్కొన్నాడు. అవి రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. కుంచెపని కోసం చెప్పిన ఈ అంగాలు కెమెరాపనికి కూడా చక్కగా అన్వయిస్తాయి. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు కార్టియే బ్రెసాన్ 1932లో పారిస్‌లోని ఒక రైల్వే స్టేషను వెనుక తీసిన ప్రసిద్ధచిత్రాన్ని తీసుకొని ఈ ఆరింటినీ పరిశీలిద్దాం. వాననీరు నిలిచిన నేల. నీటిలో పడివున్న ఒక నిచ్చెన. దాని మీదనుంచి ఒక మనిషి ముందుకు దూకుతున్నాడు. అతని మడమ ఇంకా నీటిని తాకలేదు.

రూపభేదం అంటే ఆకారాలను వేరువేరుగా గుర్తించడం. దూకే మనిషి నల్లని ఆకారం. అతని చుట్టూ తెల్లని నీరు. నేపథ్యంలో ఇనుప కంచె, మసకబారిన కట్టడాలు. మనిషి కంచెలో కలిసిపోకుండా విడిగా కనిపించడమే ఇక్కడ మొదటి విజయం.

ప్రమాణం అంటే కొలత, పాళ్లు. మనిషి చట్రం మధ్యలో లేడు, కుడివైపు అంచుకు దగ్గరగా ఉన్నాడు. అతడు వదిలివచ్చిన నీరు విశాలంగా వెనుక పరచుకొని ఉన్నది. అడుగు వేయడానికి ముందున్న చోటు చాలా తక్కువ. ఆ ఇరుకు మనలో ఆదుర్దా కలిగిస్తుంది.

భావం మూడవది. మడమకూ నీటికీ మధ్య మిగిలిన వెంట్రుకవాసి ఎడంలో ఆ చిత్రం ప్రాణం ఉన్నది. మరుక్షణం అతడు తడుస్తాడని మనకు తెలుసు. ఛాయాచిత్రంలో ఆ మరుక్షణం ఎన్నటికీ రాదు.

లావణ్యయోజనం నాలుగవది. ముత్యం లోపలినుంచి తొణికే తళుకు వంటి కాంతిని పెద్దలు లావణ్యమన్నారు. మబ్బు పట్టిన ఆకాశపు మెత్తని వెలుగు ఈ చిత్రంలోని నీటి మీద అటువంటి తళుకును పరచింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇదే చిత్రం తీసివుంటే నీడలు కరకుగా ఉండేవి.

సాదృశ్యం అంటే పోలిక. వస్తువును పోలి ఉండటం ఛాయాచిత్రానికి పుట్టుకతో వచ్చిన గుణం. కాబట్టి మనం వేరే పోలికలు వెతకాలి. వెనుక గోడ మీది ప్రకటన కాగితంలో ఒక నర్తకి దూకుతున్న బొమ్మ ఉన్నది. ఆ నర్తకి దూకుడూ ఈ మనిషి దూకుడూ ఒకదానికొకటి ఎదురుగా నిలిచాయి. నీటిలో అతని ప్రతిబింబం మూడవ పోలిక. వీధిలో వెళ్లే సామాన్యుడు ఒక్క క్షణం నర్తకుడయ్యాడు.

వర్ణికాభంగం అంటే రంగుల కూర్పు. ఈ చిత్రంలో రంగులు లేవు. నలుపుకూ తెలుపుకూ మధ్య ఉన్న బూడిదవన్నె మెట్లే రంగులు. మంచి ప్రతిలో గాఢమైన నలుపులో కూడా వివరం మిగిలి ఉంటుంది, తెలుపు వట్టి కాగితంలా మిగిలిపోదు.

ఈ పద్ధతిని మన ఊరి దృశ్యానికీ అన్వయించి చూడండి. ధవళేశ్వరం దిగువన విసురువల వేస్తున్న జాలరి చిత్రం మీ ముందు ఉన్నదనుకోండి. వల పూర్తిగా విచ్చుకున్నదా, ఇంకా విచ్చుకుంటున్నదా? జాలరి ముఖం కనిపిస్తున్నదా, ఆకారం మాత్రమే కనిపిస్తున్నదా? ఆకాశానికి ఎంత చోటు, నీటికి ఎంత చోటు? ఇలా ఆరు ప్రశ్నలు వేసుకుంటే ‘బాగుంది’ అన్న ఒక్క మాటతో ఆగిపోయిన మన అభిప్రాయం ఎందుకు బాగున్నదో చెప్పగలిగే స్థితికి చేరుతుంది. ఆచార్యులు రేఖను, విచక్షణులు వెలుగునీడలను మెచ్చుకుంటారనీ, సామాన్యులు రంగుల సమృద్ధికి మురిసిపోతారనీ విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం చెబుతున్నది. చూడటంలో మెట్లున్నాయని, అభ్యాసంతో వాటిని ఎక్కవచ్చని దీని తాత్పర్యం.

రెండు రకాల చిత్రాలు

మన కావ్యాలలో చిత్రాలకు సంబంధించిన రెండు కథలు ప్రసిద్ధాలు. ఉషాకన్య కలలో చూసిన యువకుడెవరో తెలియక వేదన పడుతుంటే, చెలికత్తె చిత్రలేఖ రాజకుమారుల రూపాలన్నీ గీసి చూపింది. ఉష అనిరుద్ధుణ్ణి గుర్తుపట్టింది. అక్కడ చిత్రం పని గుర్తింపు. నేటి గుర్తింపుకార్డు మీది ఫొటో ఈ కోవకు చెందినది.

కాళిదాసు శాకుంతలం ఆరవ అంకంలో దుష్యంతుడు శకుంతల చిత్రాన్ని గీస్తాడు. రూపం కుదిరినా ఆయనకు తృప్తి కలగదు. మాలినీనది ఇసుకతిన్నెలు, హంసల జంట, హిమవంతపు పాదాలు, నారచీరలు ఆరవేసిన చెట్టు, దాని నీడన లేళ్ల జంట ఇంకా గీయవలసి ఉన్నాయంటాడు. శకుంతల ఎవరో గుర్తుపట్టడానికి ఇవేవీ అవసరం లేదు. ఆమెతోపాటు తాను పోగొట్టుకున్న లోకం తెలియాలంటే ఇవన్నీ కావాలి. కళాత్మకమైన ఛాయాచిత్రం ఈ రెండవ కోవకు చెందినది. ఎవరు అన్న ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకోదు, ఆ మనిషి బ్రతికిన లోకాన్ని మన ముందు పరుస్తుంది.

చూపుకు ఉండవలసిన మర్యాద

ఛాయాచిత్రానికి మిగిలిన కళలకు లేని ఒక బాధ్యత ఉన్నది. కవి వర్ణించిన దరిద్రుడు కల్పితుడు కావచ్చు. ఛాయాచిత్రంలోని దరిద్రుడు నిజంగా ఒకనాడు కెమెరా ముందు నిలబడిన మనిషి. 1876–78 నాటి ఘోరమైన కరవు మద్రాసు రాజధానిని పట్టి పీడించింది. ఆనకట్ట నీటివల్ల గోదావరి డెల్టా ఆ తీవ్రతను చాలావరకు తప్పించుకున్నది కాని, రాయలసీమ వంటి ప్రాంతాలు అల్లాడిపోయాయి. విలబీ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లవలె ఉన్న ఆ కరవు బాధితులను వరుసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. కరవు ఎంత ఘోరమో ఆ చిత్రాలు లోకానికి సాక్ష్యమిచ్చాయి. అయితే ఆకలితో నిలువలేని మనుషులను అలా అమర్చి తీయవచ్చునా అన్న విమర్శ కూడా ఆయనకు తప్పలేదు.

ఈ రెండు మాటలూ నిజమే. అందుకే అటువంటి చిత్రం ముందు నిలబడినప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మనిషి తనంతట తాను నిలబడ్డాడా, నిలబెట్టారా? ఇతని బాధ మన కంటికి వింతగా మారిందా, మన మనస్సుకు చేరిందా? ఇతనికి పేరున్నదా? అలంకారికులు సహృదయుడన్నది ఎదుటివారి అనుభవాన్ని తన హృదయంలోకి తీసుకోగలవానిని. ఛాయాచిత్రం ముందు సహృదయత ఒక మర్యాద కూడా. మీరు కెమెరా పట్టినప్పుడూ ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. వరదలో ఇల్లు మునిగిన కుటుంబాన్ని ఫొటో తీసే ముందు వారి అనుమతి అడగడం, వారి గౌరవానికి భంగం కలగకుండా చూడటం మన ధర్మం.

ఇంటిలోని చిత్రశాల

చిత్రశాలలు పట్టణాలలోనే ఉండవచ్చు. ఛాయాచిత్రాలు మాత్రం ప్రతి ఇంటిలోనూ ఉన్నాయి. తాతగారి పెళ్లినాటి నలుపు తెలుపు ఫొటో, పుష్కరాల రేవులో తీసిన కుటుంబచిత్రం, పెంకుటింటి అరుగు మీద కూర్చున్న ముత్తవ్వ చిత్రం ఇనపపెట్టెలలో, గోడ చట్రాలలో ఉన్నాయి. డెల్టా గాలిలోని చెమ్మవల్ల వాటికి బూజు పడుతుంది. ఉప్పెనలకూ వరదలకూ ఎన్నో కొట్టుకుపోయాయి. మిగిలినవాటిలో చాలావాటి వెనుక పేర్లు లేవు. పేరు చెప్పగల పెద్దవారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వారితోపాటే ఆ ముఖాలు ఎవరివో చెప్పే మాట కూడా వెళ్లిపోతుంది.

ఇందుకు మీరు చేయగల పని చిన్నదే. ఫొటోను అంచులు పట్టుకొని తీయండి, ముఖం మీద వేలు మోపకండి. ఇంటిలోని పెద్దలను అడిగి, పేర్లను, ఊరిని, సంవత్సరాన్ని వెనుకవైపు మెత్తని పెన్సిలుతో తేలికగా రాయండి. సిరా వాడవద్దు, అది కాలక్రమంలో ముందువైపుకు ఊరవచ్చు. పొడిగా ఉండే చోట, ఎండ తగలకుండా దాచండి. ఆ తరువాత ఒక్క ఫొటోను ఎన్నుకొని, పైన చెప్పిన ఆరు అంగాలతో పది నిమిషాలు చూడండి. ముత్తవ్వ వెనుకనున్న తలుపు చెక్కడం, ఆమె చేతులు పెట్టుకున్న తీరు, కెమెరాను తొలిసారి చూసిన ఆ కళ్లలోని బెదురు మీకు అప్పుడు కనిపిస్తాయి. అంత ఓపికగా చూడటం అలవడినవారికి, ఏ దేశపు చిత్రశాలలో ఏ చిత్రం ముందు నిలబడినా చూడవలసినది దొరుకుతుంది.